ఒంగితే ఒట్టు!

పెళ్లి పందిట్లో చాపలు పరిచారు. అరిటాకులేశారు. బంతిలో అందరూ కూర్చున్నారు... పెళ్లికొడుకు తమ్ముడు తప్ప.

‘ఏట్రా, కూకోవేటి?’ అన్నాడు మేనమామ.

‘ఆకల్లేదు మావా’ అన్నాడు కుర్రాడు.

నిజానికి కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. కానీ ఏం లాభం? ఒంటికి అతుక్కుపోయిన ఆ ప్యాంటుతో కింద కూర్చుంటే కుట్లు ఉంటాయో ఊడతాయో ఆ దేవుడికే తెలియాలి!

అచ్యుతాపురానికీ బట్టలకీ దగ్గరి చుట్టరికమే. ఇక్కడి వెయ్యి ఎకరాల బ్రాండిక్స్ అపెరల్ సిటీలో వేలమంది ఆడపడుచులు విదేశాలకు దుస్తులు కుట్టి పంపుతుంటారు. కాస్త దూరంలోని పూడిమడక తీరంలో లుంగీ ఎగ్గట్టి వలలు లాగే మత్స్యకారులకు ఒంగడానికీ లేవడానికీ ఏ ఇబ్బందీ లేదు. మధ్యలో నలిగిపోతున్నది మన ‘స్కిన్నీ’ బాబులే. ఉప్పుగాలికి ఒళ్లంతా జిడ్డు. చెమటకు ప్యాంటు ఇంకా బిగుసుకుంటుంది. బైకెక్కాలంటే భయం. జేబులో సెల్‌ఫోన్ మోగితే తీసేలోపు అవతలివాళ్లు పెట్టేస్తారు. ఇక రాత్రి ప్యాంటు విప్పడానికి ఇంట్లో ఇంకొకరి సాయం కావాలి!

కూలీల కోసం పుట్టి...

విచిత్రమేమిటంటే, జీన్స్ పుట్టిందే ఒంగి పనిచేసేవాళ్ల కోసం. జాకబ్ డేవిస్ అనే దర్జీ, లెవీ స్ట్రాస్ అనే బట్టల వ్యాపారి కలిసి 1873 మే 20న అమెరికాలో పేటెంటు తీసుకున్నారు. కష్టజీవుల ప్యాంట్లు చిరగకుండా జేబుల మూలల్లో రాగి రివెట్లు బిగించడం వారి ఉపాయం. ఆ ప్యాంటే తిరిగి తిరిగి ఒంగలేని వాళ్ల దగ్గరికొచ్చింది. 1970ల్లో బెల్‌బాటమ్ వచ్చింది. తొడల దగ్గర ఊపిరాడనివ్వకుండా, కింద రోడ్లు ఊడ్చింది. 2000 తర్వాత లోవెయిస్టు, దాని వెనకే స్కిన్నీ దిగాయి. 1958లో డ్యూపాంట్ శాస్త్రవేత్త జోసెఫ్ షివర్స్ కనిపెట్టిన స్పాండెక్స్ అనే సాగే దారం వీటికి తోడైంది. బట్ట సాగుతుంది సరే, మనిషి సాగాలి కదా!

నరం నవ్వదు

ఇంతవరకూ నవ్వులాటే. వైద్యులు మాత్రం నవ్వడం లేదు. నడుం పక్క నుంచి తొడలోకి దిగే నరం బిగుతు దుస్తుల వల్ల నొక్కుకుపోతే తొడ బయటివైపు తిమ్మిరి, మంట పుడతాయి. దీన్నే మెరాల్జియా పారస్థటికా అంటారు. 2015లో వైద్య పత్రికకెక్కిన సంగతి మరొకటి. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో 35 ఏళ్ల మహిళ స్కిన్నీ జీన్స్‌తో గొంతుక్కూర్చుని గంటలకొద్దీ అలమరాలు సర్దింది. కాళ్లు మొద్దుబారి, వాచిపోయాయి. ఆసుపత్రిలో ఆ ప్యాంటును కత్తిరించి తీయాల్సి వచ్చింది. నరానికి ఆడా మగా తేడా తెలియదు బాబులూ!

పెళ్లీడు కుర్రాళ్లకు ఇంకో మాట. 2018లో హార్వర్డ్ పరిశోధకులు 656 మంది పురుషుల వివరాలు చూస్తే, వదులు లోదుస్తులు వేసుకునేవారిలో వీర్యకణాల సాంద్రత మిగతావారికంటే 25 శాతం ఎక్కువగా కనిపించింది.

మరి ఇంత బాధ ఎందుకు? ‘పల్లెటూరోడు’ అంటారేమోనని. నలుగురిలో నామోషీ అని. నాన్న పంచెను చూసి సిగ్గుపడే కొడుకులున్నారు. ఆ నాన్నేమో పొందూరు ఖద్దరు పంచెలో బాసింపట్టు వేసుక్కూర్చుని హాయిగా భోంచేస్తాడు. ఫ్యాషన్ మానక్కర్లేదు. కొనేముందు ట్రయల్ రూమ్‌లో అద్దం చూసుకోవడమే కాదు, ఒక్కసారి గొంతుక్కూర్చుని లేచి చూడండి. నడుం దగ్గర రెండు వేళ్లు దూరుతున్నాయో లేదో చూడండి. లేదంటే దుకాణంలోనే దండం పెట్టేయండి.

ఇంతకీ పెళ్లికొడుకు తమ్ముడి సంగతా? రెండో బంతి లేచేసరికి వాళ్లమ్మకి విషయం అర్థమైంది. గుట్టుగా లోపలికి పిలిచి నాన్న లుంగీ చేతిలో పెట్టింది. మూడో బంతిలో మొదట కూర్చున్నది ఎవరనుకున్నారు? మారు పులిహోర అడిగింది కూడా అతగాడే!