నిలబడే ఉద్యోగం

పండగ వస్తోంది. చీర కొందామని టౌనుకు వెళ్తాం. బట్టల దుకాణంలో మనకు స్టూలు వేస్తారు. మనం కూర్చుంటాం. బల్లకు అవతల ఒక అమ్మాయి నిలబడి ఉంటుంది. "రండక్కా, ఏం చూపించమంటారు?" అని నవ్వుతూ అడుగుతుంది. ఒకటి తీస్తుంది. పది తీస్తుంది. ముప్పై చీరలు విప్పి చూపిస్తుంది. మనం "మళ్ళీ వస్తాంలే" అని లేచి వచ్చేస్తాం. ఆ అమ్మాయి ముఖంలో నవ్వు చెదరదు. ముప్పై చీరలూ మళ్ళీ మడత పెట్టుకుంటుంది.

ఆ అమ్మాయి మన ఊరి పిల్లే కావచ్చు. మన చెల్లెలో, మన కూతురో కావచ్చు. పదో తరగతి, ఇంటరు చదివిన ఆడపిల్లలు ఎంతోమంది ఈ పనిలోకి వెళ్తున్నారు. ఆ పని ఎలా ఉంటుందో చూద్దాం.

పొద్దుటి నుంచి రాత్రి దాకా

దుకాణం తెరవకముందే అమ్మాయిలు రావాలి. దుమ్ము దులపాలి. స్టాకు సర్దాలి. ఆలస్యమైతే చాలా చోట్ల జీతంలో కోత పడుతుంది. ఆషాఢంలో తగ్గింపు ధరల అమ్మకాలు ఉంటాయి. ఆ వెంటనే శ్రావణం, పెళ్ళిళ్ళు, దసరా, సంక్రాంతి. ఆ రోజుల్లో అన్నం తినడానికి కూడా తీరిక దొరకదు. బేరం లేని రోజుల్లోనూ తిప్పలు తప్పవు. ఖాళీగా ఉన్నా కూర్చోనివ్వరు. "కొనేవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?" అంటారు.

అమ్మడం కూడా ఒక విద్యే

"చీరలు చూపించడమేగా, అదేం పని?" అని కొందరు అంటారు. అది తప్పు. వచ్చినామె పెళ్ళికి కొంటోందా, రోజూ కట్టుకోవడానికా అన్నది రెండు మాటల్లో తెలుసుకోవాలి. ఆమె చేతిలో ఎంత డబ్బుందో అడగకుండానే అంచనా వేయాలి. ఏది పట్టు, ఏది కలనేత, ఏ రంగు దిగుతుంది, ఏ జరీ నల్లబడుతుంది, ఇవన్నీ తెలిసి ఉండాలి. కోపంగా మాట్లాడినా ఓర్చుకోవాలి. ఇదంతా నేర్చుకుంటేనే వస్తుంది. నేర్చిన పనికి విలువ ఉండాలి కదా!

కంపెనీ తరఫు అమ్మాయి

పెద్ద సరుకుల దుకాణాల్లో ఇంకొక రకం ఉద్యోగం ఉంది. ఒక సబ్బు దగ్గరో, టీపొడి దగ్గరో ఒక అమ్మాయి నిలబడి ఉంటుంది. "ఒక్కసారి వాడి చూడండమ్మా" అంటుంది. ఆమెను ప్రమోటర్ అంటారు. ఆమె చాలాసార్లు ఆ దుకాణం మనిషి కాదు. సరుకు తయారుచేసే కంపెనీ కోసం ఒక ఏజెన్సీ ఆమెను పెడుతుంది. నెలకు ఇన్ని ప్యాకెట్లు అమ్మాలని లెక్క చెబుతారు. దాన్ని టార్గెట్ అంటారు.

ఇక్కడ చిక్కు ఏమిటంటే, ఆమెకు పని చెప్పేవాళ్ళు ఎక్కువ. దుకాణం వాళ్ళు సరుకు సర్దమంటారు. కంపెనీ వాళ్ళు టార్గెట్ ఏదంటారు. జీతం ఆగితే మాత్రం ఒకరిమీద ఒకరు చెప్పుకుంటారు. అందుకే చేరిన రోజే ఒక మాట అడగాలి: "నా జీతం ఎవరిస్తారు?" ఆ జవాబు కాగితం మీద ఉండాలి.

కాళ్ళ నొప్పి, నీళ్ళ భయం

రోజంతా నిలబడితే కాళ్ళు వాస్తాయి. నడుము నొప్పి వస్తుంది. ఏళ్ళ తరబడి నిలబడితే పిక్కల్లో నరాలు ఉబ్బి నీలంగా కనిపిస్తాయి. మరుగుదొడ్డి లేని చోట, ఉన్నా మాటిమాటికీ పంపని చోట, ఆడవాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తారు. మూత్రం ఆపుకుంటారు. దానివల్ల మూత్రంలో మంట, జ్వరం వస్తాయి. నెలసరి రోజుల్లో బాధ చెప్పనక్కర్లేదు.

కేరళ ఆడవాళ్ళు ఏం చేశారు?

కేరళలో కోళికోడ్ అనే పట్టణం ఉంది. అక్కడ మిఠాయి వీధి పెద్ద బజారు. ఆ బజారు దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళకు కూడా ఇవే బాధలు. పి. విజి అనే ఆమె అక్కడ బట్టలు కుట్టే పని చేసేది. ఆమె దుకాణాల్లోని ఆడవాళ్ళను కూడగట్టింది. 'పెణ్‌కూట్టు' అనే సంఘం పెట్టారు. అంటే ఆడవాళ్ళ తోడు అని అర్థం. వాళ్ళు ముందు మరుగుదొడ్డి కావాలని అడిగారు. తర్వాత కూర్చునే హక్కు కావాలని అడిగారు. "కూర్చోవడానికి కూడా హక్కేంటి?" అని నవ్వినవాళ్ళున్నారు. వాళ్ళు వెనక్కి తగ్గలేదు.

2014 చివర్లో త్రిస్సూర్‌లో ఒక బట్టల దుకాణంలో పనిచేసే ఆడవాళ్ళు ఇదే హక్కు కోసం సమ్మె చేశారు. అది వంద రోజులు దాటింది. చివరికి 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించింది. పనివాళ్ళకు కూర్చునే ఏర్పాటు ఉండాలని రాసింది. 2021లో తమిళనాడు కూడా అలాగే చేసింది. 2025 నవంబరు 21న దేశమంతటా కొత్త కార్మిక చట్టాలు అమల్లోకి వచ్చాయి. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట, నిలబడి పనిచేసేవాళ్ళకు కూర్చునే వీలుండాలని వాటిలోనూ ఉంది.

చట్టంలో రాస్తే సరిపోదు. స్టూలు దుకాణంలోకి రావాలి. అది రావాలంటే అడిగేవాళ్ళు ఉండాలి.

పనిలో చేరితే ఇవి గుర్తుంచుకోవాలి

1. నియామక పత్రం తీసుకోవాలి. జీతం ఎంత, పని ఎన్ని గంటలు అన్నది అందులో ఉండాలి. చదివాకే సంతకం పెట్టాలి. చదువు వచ్చింది ఇందుకే.

2. వారానికి 48 గంటలు పని. ఒక రోజు సెలవు. అంతకు మించి చేయిస్తే, ఆ గంటలకు రెట్టింపు లెక్కన కూలి కట్టాలి.

3. సంజాయిషీ అడగకుండా జరిమానా వేయకూడదు. నెల జరిమానాలన్నీ కలిపినా జీతంలో నూటికి 3 రూపాయలు దాటకూడదు.

4. పదిమంది, అంతకు మించి పనిచేసే దుకాణంలో, నెలకు 21,000 రూపాయల లోపు జీతమున్నవారికి ఇ.ఎస్.ఐ. ఉండాలి. జీతం 12,000 అనుకుందాం. మన జీతంలో 90 రూపాయలు పట్టుకుంటారు. యజమాని 390 రూపాయలు కట్టాలి. జబ్బు చేస్తే ఇ.ఎస్.ఐ. ఆస్పత్రిలో వైద్యం దొరుకుతుంది. డబ్బు పట్టుకుంటున్నారు గానీ కార్డు ఇవ్వడం లేదంటే అడగాలి.

5. ఎవరైనా చెడుగా ప్రవర్తిస్తే ఊరుకోవద్దు. 2013 చట్టం ప్రకారం, పదిమంది పనిచేసే చోట ఫిర్యాదు తీసుకునే కమిటీ ఉండాలి. చిన్న దుకాణమైతే జిల్లాలో కమిటీ ఉంటుంది. మూడు నెలల్లోగా ఫిర్యాదు రాసి ఇవ్వాలి. సాయం కోసం 181 నంబరుకు ఫోను చేయవచ్చు.

6. పదో తరగతి సర్టిఫికెట్టు అసలుది యజమాని దగ్గర ఉంచవద్దు. నకలు ఇస్తే చాలు.

జీతం, పని గంటల గురించి ఇబ్బంది వస్తే కార్మిక శాఖ ఆఫీసులో అర్జీ ఇవ్వవచ్చు. ఒక్కరు వెళ్తే భయం. నలుగురు కలిసి వెళ్తే ధైర్యం. పొదుపు సంఘంలో మనం నేర్చుకున్నది ఇదేగా!

ఈసారి చీర కొనడానికి వెళ్ళినప్పుడు, బల్లకు అవతల స్టూలు ఉందేమో చూడండి. లేకపోతే "ఈ అమ్మాయి కూర్చునే చోటేది?" అని అడగండి. కొనేవాళ్ళు అడిగిన మాట యజమాని చెవికి త్వరగా ఎక్కుతుంది.

మాట్లాడుకుందాం

మీ ఊరి నుంచి దుకాణాల్లో పనికి వెళ్ళేవాళ్ళు ఎవరు? వాళ్ళకు నియామక పత్రం ఉందా? ఇ.ఎస్.ఐ. కార్డు ఉందా? వాళ్ళను అడిగి తెలుసుకోండి. వాళ్ళు చెప్పింది మీ నోటు పుస్తకంలో రాయండి.