ర్యూక్యూ రాజ్యలోపము

జపాను దేశపు దక్షిణపుఁ గొననుండి తైవాను దీవి వఱకు విల్లువలె వంగిన దీవుల వరుసకు ర్యూక్యూ యని పేరు. 1429వ సంవత్సరమున షో హషి యను రాజు మూఁడు రాజ్యముల నొకటిగాఁ జేసి షురి పట్టణము రాజధానిగా నేలినది మొదలు 1879 వఱకు నిది రాజ్యము. పిమ్మట జపానులో ఒకినావా యను జిల్లా. సైన్యము వచ్చి పట్టుకొనెనని చెప్పుట తేలిక. కాని సైనికులు కోటలోఁ బ్రవేశించునప్పటికే పత్రములలోని పదములు దానిని ముక్కాలు మ్రింగియుండెను. శాసనములను, శబ్దములను బరిశీలించు వారికి విచారణీయమైనది యీ భాగమే.

ఈ దీవుల రాజులు 1372 మొదలు చీనా చక్రవర్తికిఁ గప్పము గట్టుచుండిరి. అచ్చటి దూతలు వచ్చి బిరుదపత్రము చదివినఁగాని పట్టాభిషేకము పూర్ణము కాదు. 1609లో జపానునందలి సాత్సుమా ప్రభువులగు షిమాజువారు దండెత్తివచ్చి, షో నేయి రాజును జెఱఁబట్టి కొనిపోయి 1611లో విడిచిరి. నాఁటినుండి వారికిని గప్పము. ఐనను జీనాతోడి వర్తకము చెడకుండుటకై యీ సంగతిని గప్పిపుచ్చుచుండిరి. చీనాదూతలు నాహా రేవున దిగినప్పుడు సాత్సుమా యుద్యోగులు పల్లెకుఁ బోయి కనఁబడకుండిరి. దాఁగుడుమూఁతవంటి యీ యేర్పాటు మనకు నవ్వు పుట్టించును గాని, రెండువందల యేఁబది యేండ్లకుఁ బైగా రాజ్యమును గాపాడినది యిదియే. 1854లో అమెరికాతోను, 1855లో ఫ్రాన్సుతోను, 1859లో హాలండుతోను ర్యూక్యూ తన పేరనే సంధిపత్రములు వ్రాసికొనెను.

మెయిజీ ప్రభుత్వమువారు 1871లో తమ దేశమందలి 'హాన్'లను, అనఁగా సంస్థానములను, రద్దుచేసి 'కెన్'లను, అనఁగా జిల్లాలను, ఏర్పఱచిరి. మఱుసటి సంవత్సరముననే ర్యూక్యూను గ్రొత్తగా నొక హాన్ గాఁ బ్రకటించి, షో తాయి రాజునకు 'హాన్‌రాజు' అను బిరుద మిచ్చిరి. ఎల్ల సంస్థానములను దీసివేసిన పిమ్మట నొకదానిని బుట్టించుట యేల? సంస్థానము కానిదానిని సంస్థానముగా రద్దుచేయ వీలులేదు గదా! రాజు దానిని గౌరవమనియే గ్రహించియుండవచ్చును. పరరాజ్య వ్యవహారములు టోకియోవారి చేతికిఁ బోయెను. సంధిపత్రముల మూలములును క్రమముగా నచ్చటికే చేరెను.

రెండవ పదము 'జపాను ప్రజలు' అనునది. 1871లో మియాకో దీవివారి యోడ తైవాను తీరమునఁ బగులఁగా, 54 మందిని అచ్చటివారు చంపిరి. ఆ నెపమున జపాను 1874లో తైవానుపై దండెత్తెను. పిదపఁ గుదిరిన యొడంబడికలో మృతులు జపాను ప్రజలని వ్రాయఁబడెను. చీనావారు దానికి సమ్మతించిరి. మూఁడవది శకము. 1875లో మత్సుదా మిచియుకి యను నధికారి వచ్చి, చీనాకుఁ గప్పము మానుఁడనియు, పత్రములలో మెయిజీ శకమునే వాడుఁడనియు నాజ్ఞాపించెను. కప్పము మానుటకు రాజు సమ్మతింపఁడయ్యెను.

1879 మార్చి 27వ తేదీన మత్సుదా సైనికులతోను పోలీసులతోను షురి కోటలోఁ బ్రవేశించి యాజ్ఞాపత్రము చదివెను. కొలఁదిదినములలో రాజు కోట వీడెను. ఏప్రిలు 4న ఒకినావా జిల్లా ప్రకటితమాయెను. ఈ కార్యమునకు జపానువారు పెట్టిన పేరు 'షోబున్'. వ్యవహారమును బరిష్కరించుట యనియు, శిక్షించుట యనియు నా పదమున కర్థము గలదు. మొఱవెట్టుకొన చీనాకుఁ బోయిన ర్యూక్యూ ప్రముఖులలో రిన్ సేయికో యనునాతఁడు 1880లో పెకింగున నాత్మహత్య చేసికొనెను. దక్షిణదీవులను చీనాకిచ్చి వర్తకపు హక్కులు పొందునట్లు ఆ యేఁడే యొక చిత్తుపత్రము సిద్ధమాయెను గాని చీనా ప్రభుత్వమువారు దానిని స్థిరపఱపలేదు. 1895 తరువాత నా ప్రసంగమే లేదు. షో తాయి 1901లో టోకియోలో మరణించెను.

ర్యూక్యూ రాజులు పరదేశములకు నడపిన యుత్తరప్రత్యుత్తరములు, 1424 మొదలు 1867 వఱకు గలవి, చీనాభాషలో 'రెకిదాయి హోఆన్' అను సంపుటములుగాఁ గూర్పఁబడినవి. కోటలోని ప్రతి టోకియోకుఁ గొనిపోఁబడి 1923 నాఁటి భూకంపమున దగ్ధమయ్యెను. కుమే గ్రామమునఁ గాపాడిన ప్రతి 1945 నాఁటి యుద్ధమున నశించెను. అంతకుముందు తైవానునందలి విశ్వవిద్యాలయమువారు వ్రాయించుకొన్న ప్రతి నిలిచినది. నేఁటి పరిశోధకులకు నది ముఖ్యాధారము.