మూత్రపిండములలోనే దాగిన సార్కాయిడోసిస్

చెంగిచెర్లలోనో, ఉప్పల్, నాచారములలోనో నివసించు ఒక గృహస్థునకు కొన్ని వారములుగా నీరసము, అరుచి కలిగినవనుకొందము. రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగియున్నది. మధుమేహము లేదు, రక్తపోటు లేదు. అట్టి యెడ వైద్యులు తలచుకొనవలసిన అరుదైన వ్యాధులలో సార్కాయిడోసిస్ ఒకటి.

ఈ వ్యాధిలో శరీరమును రక్షింపవలసిన కణములే గుంపులుగా చేరి సూక్ష్మమైన బొడిపెలుగా ఏర్పడును. వీనిని గ్రాన్యులోమాలందురు. నార్వే దేశపు చర్మవైద్యుడు సీజర్ బెక్ 1899లో చర్మముపైని ఇట్టి బొడిపెలను సార్కాయిడ్ అను పేరుతో వర్ణించెను. సాధారణముగా ఈ వ్యాధి ఊపిరితిత్తులలో కనిపించును గనుక ఛాతీ ఎక్స్‌రే దారి చూపును. మూత్రపిండములు మాత్రమే చెడినచో ఆ ఆధారము లభింపదు.

అప్పుడు దొరకు జాడలలో కాల్షియము ఒకటి. బొడిపెలలోని కణములు విటమిన్ డిని చురుకైన రూపమునకు మార్చును. అందుచే రక్తములోను, మూత్రములోను కాల్షియము పెరుగవచ్చును, రాళ్ళును ఏర్పడవచ్చును. కావున వైద్యుని అడుగక బలమునకని కాల్షియము, విటమిన్ డి మాత్రలు మ్రింగుట ఇట్టివారికి హానికరము. అయితే కాల్షియము సరిగా నున్నంత మాత్రమున వ్యాధి లేదనరాదు.

ముఖ్యసాక్ష్యము బయాప్సీ. నొప్పి తెలియకుండ మందిచ్చి, సూదితో మూత్రపిండపు సన్నని తునుకను తీసి సూక్ష్మదర్శినితో పరీక్షింతురు. బొడిపెలు కనబడినను విచారణ ముగియదు. క్షయ, శిలీంధ్రములు, కొన్ని యాంటీబయాటిక్కులు, నొప్పి మాత్రలు కూడ వీనిని కలిగింపగలవు. హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు 2013లో మూత్రపిండములలో ఇట్టి బొడిపెలున్న 14 మంది రోగులను గూర్చి ప్రకటించిరి. క్షయలో బొడిపె నడుమ జున్నువంటి మృతపదార్థము తరచుగా నుండును. సార్కాయిడోసిస్‌లో సాధారణముగా నుండదు. ఆ భేదమొక్కటే చాలదు. క్షయక్రిములకై తునుకను, మూత్రమును శోధింపవలెను.

ఇంత జాగ్రత్త ఏల? క్షయను సార్కాయిడోసిస్ అని భ్రమించి స్టెరాయిడు మాత్రమే ఇచ్చినచో క్షయ విజృంభించును. సార్కాయిడోసిస్‌ను క్షయయని తలచి కాలము గడపినచో మూత్రపిండములు మచ్చబారి డయాలిసిస్ అవసరము కావచ్చును. సకాలమున గుర్తించి స్టెరాయిడులిచ్చినచో పెక్కుమందికి మేలు కలుగును. అటుపిమ్మటను కన్నులు, గుండె, ఊపిరితిత్తులు పరీక్షింపబడుచుండవలెను. నేడు ఒక చోటనే యున్న వ్యాధి రేపు మరియొక చోట బయటపడవచ్చును.

రోగి చేయదగిన సాయము ఒకటి కలదు. మందుల దుకాణమున తానై కొనినవానితో సహా, వాడిన మందులన్నిటి పేర్లను వైద్యునకు దాచక చెప్పవలెను. నిర్ణయము పెక్కుమారులు ఆ జాబితాపైననే ఆధారపడును.