ఎక్కాల కంటే ముందు చింతపిక్కలు!

తెలుగు పాఠం గడగడా చదువుతాడు. విన్న కథను పొల్లు పోకుండా తిరిగి చెబుతాడు. ఎనిమిదికి అయిదు కలిపితే ఎంత అని అడిగితే మాత్రం వేళ్లు ముడుస్తూ మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాడు. నిన్న అప్పజెప్పిన ఏడో ఎక్కం ఇవాళ గుర్తుండదు. మూడు, నాలుగు తరగతుల్లో ఇలాంటి విద్యార్థులు దాదాపు ప్రతి పాఠశాలలోనూ కనిపిస్తారు. శ్రద్ధ లేదని ఉపాధ్యాయులు, బద్ధకమని తల్లిదండ్రులు తేల్చేస్తుంటారు. వీరిలో కొందరిది బద్ధకం కాదు, గణిత అభ్యసన వైకల్యం. వైద్య పరిభాషలో దీనిని డిస్కాల్కులియా అంటారు.

2007లో వచ్చిన 'తారే జమీన్ పర్' చిత్రంతో చదవడంలో ఇబ్బంది పడే డిస్‌లెక్సియా గురించి చాలామందికి తెలిసింది. లెక్కలకు సంబంధించిన ఈ సమస్యకు అంత ప్రచారం దక్కలేదు. నూటికి ముగ్గురి నుంచి ఆరుగురి వరకు పిల్లల్లో ఇది ఉంటుందని సాధారణంగా అంచనా వేస్తారు. అంటే 40 మంది ఉన్న తరగతిలో ఒకరిద్దరు. తెలివితేటలకు, దీనికి సంబంధం లేదు.

చిక్కు ఎక్కడ?

పళ్లెంలో నాలుగు జామకాయలుంటే మనం లెక్కపెట్టం, చూడగానే నాలుగని తెలిసిపోతుంది. తొమ్మిది పెద్దదా, అయిదు పెద్దదా అంటే ఆలోచించనక్కర లేదు. పరిమాణాన్ని ఇలా పసిగట్టే పనిలో మెదడులోని పార్శ్వ భాగానికి ముఖ్య పాత్ర ఉంది. గణిత వైకల్యం ఉన్న పిల్లల్లో చాలామందికి ఈ పనే కష్టం. వారికి '8' అనేది ఒక గీత, 'ఎనిమిది' అనేది ఒక శబ్దం. ఆ రెండింటి వెనుక ఎనిమిది వస్తువుల గుంపు ఉందన్న స్ఫురణ బలంగా ఉండదు. అలాంటి విద్యార్థి చేత ఏడో ఎక్కం వందసార్లు రాయించినా అర్థం లేని శబ్దాల వరుసను బట్టీ పట్టించినట్లే. అందుకే అది మర్నాటికి నిలవదు.

అయితే లెక్కల్లో వెనుకబడిన ప్రతి ఒక్కరికీ ఈ ముద్ర వేయడం తగదు. చూపు మందగించి నల్లబల్ల కనిపించకపోవచ్చు, వినికిడి లోపం ఉండవచ్చు. వలస వెళ్లిన కుటుంబంతో పాటు బడికి నెలల తరబడి దూరమై ఉండవచ్చు, మాధ్యమం మారి ఉండవచ్చు. నిజానికి మన బడుల్లో లెక్కలు రాకపోవడానికి వైకల్యం కంటే బోధనా లోపాలే ఎక్కువ సందర్భాల్లో కారణం అనడానికి సంకోచించనక్కర లేదు. ముందుగా కళ్లు, చెవులు పరీక్షింపజేయాలి. ఆపైన కొన్ని నెలలు వస్తువులతో సక్రమంగా నేర్పి చూడాలి. అప్పటికీ అంకెల దగ్గరే తడబాటు కొనసాగితే నిపుణులకు చూపించాలి.

పేర్లలోనూ ఇబ్బందే

సంఖ్యల పేర్లు కూడా పిల్లలను తికమకపెడతాయి. ఇరవై ఒకటి, ఇరవై రెండు అన్నప్పుడు పదుల స్థానం, ఒకట్ల స్థానం విడివిడిగా వినిపిస్తాయి. పదకొండు, పన్నెండు, పంతొమ్మిది అన్నప్పుడు లోపలి పది, ఒకటి, రెండు, తొమ్మిది అంత సులభంగా పట్టుబడవు. ఆంగ్ల మాధ్యమంలో థర్టీన్, థర్టీ ఒకేలా వినిపించి మరో ఇబ్బంది. చైనా, జపాన్ భాషల్లో పదకొండును 'పది ఒకటి' అనే పలుకుతారు. మన ఇళ్లలోనూ కొన్నాళ్లు 'పదీ ఒకటి పదకొండు, పదీ రెండు పన్నెండు' అని జంటగా పలికిస్తే స్థాన విలువకు దారి సుగమమవుతుంది. నూట అయిదు అనగానే 1005 అని రాసే పిల్లలు కోకొల్లలు. వారు విన్నది విన్నట్లే రాశారు, 100 పక్కన 5 పెట్టారు. తప్పుకు కొట్టు వేయడం కాదు, వంద ఒక కట్టగా, అయిదు విడిగా చూపించడం అక్కడ అవసరం.

చేతితో మొదలు

ఖరీదైన సామగ్రి అక్కరలేదు. గుప్పెడు చింతపిక్కలు చాలు. మొదట అయిదు లోపు పిక్కలను రెండు క్షణాలు చూపి, చేతితో కప్పి, ఎన్ని ఉన్నాయో అడగాలి. లెక్కపెట్టకుండా చెప్పడం అలవాటైతే అయిదును నాలుగూ ఒకటిగా, మూడూ రెండుగా విడదీయించాలి. ఆ తర్వాత పది. పదిని ఎన్ని విధాల విడదీయవచ్చో చేతికి తెలిస్తే, ఎనిమిదికి అయిదు కలపమన్నప్పుడు అయిదులోంచి రెండు తీసి పది చేసి, మిగిలిన మూడు కలపడం విద్యార్థికి అందుతుంది. ఒకటి నుంచి వేళ్లు ముడవాల్సిన అవసరం అప్పుడే తగ్గుతుంది. అంతవరకు వేళ్లు వాడవద్దని గద్దించకూడదు. వేళ్లు కూడా చింతపిక్కల వంటివే.

పదుల కోసం చీపురుపుల్లలు. పదేసి పుల్లలను రబ్బరుబ్యాండుతో కట్టించాలి. 42 నుంచి 17 తీసివేయమంటే చేతిలో ఉన్న రెండు విడి పుల్లలు చాలవు, ఒక కట్ట విప్పక తప్పదు. పలక మీద 'అప్పు తెచ్చుకోవడం' అని చెప్పే తంతు అసలు ఏమిటో కట్ట విప్పిన చేతికి తెలుస్తుంది. కొద్ది వారాల తర్వాత పుల్లలకు బదులు వాటి బొమ్మలు, చివరగా అంకెలు. ఈ వరుసను తొందరపడి దాటించడమే ఇళ్లలోనూ, బడుల్లోనూ తరచుగా జరిగే పొరపాటు.

మన పాత ఆటలు ఇక్కడ అక్కరకొస్తాయి. వామనగుంటల్లో ఒక్కో గుంటకు ఒక్కో పిక్క పంచుతూ పోవాలి. అష్టాచెమ్మాలో వెల్లకిలా పడిన గవ్వలు ఎన్నో చూడగానే చెప్పాలి. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ 2008లో ప్రచురించిన అధ్యయనంలో, 1 నుంచి 10 వరకు వరుస గడుల ఆటను మొత్తం సుమారు గంటసేపు ఆడిన పేద కుటుంబాల చిన్నారులు సంఖ్యలను పోల్చడంలో మెరుగుపడ్డారు. రంగుల గడులతో ఆడినవారిలో ఆ ఫలితం కనిపించలేదు. వారంతా వైకల్యం ఉన్నవారు కాకపోయినా, ఆట పద్ధతి మనకు పనికొస్తుంది. వైకుంఠపాళిలో వరుస వరుసకూ దిశ మారుతుంది కాబట్టి, ముందు నేల మీద సుద్దతో పది గడులు నిటారుగా గీయడం మేలు. నాలుగో గడిలో ఉండి రెండు పడితే 'ఒకటి, రెండు' అనకుండా 'అయిదు, ఆరు' అంటూ జరపాలి.

మరి ఎక్కాలు? వదిలేయమని కాదు. రెండు, అయిదు, పది ఎక్కాలు ముందు రానిచ్చి, మిగిలినవి వాటి నుంచి రాబట్టించాలి. ఏడెనిమిదులు గుర్తు రాకపోతే అయిదెనిమిదులు నలభై, రెండెనిమిదులు పదహారు, కలిపితే యాభై ఆరు.

రోజుకు పావుగంట చాలు. భయపడిన పిల్లల మనసులో లెక్కకు చోటుండదు. అందరి ముందు నల్లబల్ల వద్ద నిలబెట్టడం వల్ల వచ్చింది కూడా మరచిపోతారు. ఇక బెత్తం సంగతి సరేసరి. విద్యాహక్కు చట్టం 2009లోనే దానిని నిషేధించింది.

ధ్రువపత్రం ఎలా?

దివ్యాంగుల హక్కుల చట్టం-2016 గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు ఉన్నాయి, డిస్కాల్కులియా వాటిలో ఒకటి. 1995 నాటి పాత చట్టంలో దీనికి చోటు లేదు. ఎనిమిదేళ్లు నిండిన తర్వాతే ధ్రువపత్రం ఇవ్వాలని, 14వ ఏట, 18వ ఏట మళ్లీ పరీక్షించాలని 2018 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు నిర్దేశించాయి. నిర్ధారణకు బెంగళూరు నిమ్హాన్స్ రూపొందించిన పరీక్షలను ఉపయోగిస్తారు. అర్హులైన వారికి పరీక్షల్లో గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని అదే ఏడాది ఆగస్టులో వెలువడిన మార్గదర్శకాలు సూచించాయి. ధ్రువపత్రం పరీక్ష గదిలో ఊరటనిస్తుందే తప్ప లెక్కలు నేర్పదు. పదో తరగతి వచ్చాక కాగితం కోసం పరుగులు తీసేవారు ఈ తేడాను గమనించాలి.

మొదట మండలంలోని భవిత కేంద్రం ఉపాధ్యాయులను సంప్రదించవచ్చు. అక్కడి నుంచి జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి, అవసరమైతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థకు వెళ్లవచ్చు. వెళ్లేటప్పుడు పిల్లల రెండు మూడేళ్ల లెక్కల నోటుపుస్తకాలు వెంట తీసుకెళ్లాలి. ఏ తరహా తప్పులు ఎంతకాలంగా చేస్తున్నారో నిపుణులకు వాటిలోనే కనిపిస్తుంది.