తాత బొమ్మా, తడి దూదీ

అనుమసముద్రంపేటలో మా ఇంటి వసారాలో తాత వేసిన ఉదయగిరి కొండ బొమ్మ ఉండేది. వాటర్ కలర్. తాత డ్రాయింగ్ మాస్టారు. ఆయన వేసినవాటిలో మాకు మిగిలింది అదొక్కటే. సెలవులకి వెళ్లినప్పుడు దాని మీద పసుపు మరకలు చూసి, దూది తడిపి తుడిచా. మరక పోలేదు. కింద ఫౌంటెన్ పెన్ను సంతకం మాత్రం నీలం మబ్బులా పాకిపోయింది. "ఏందబ్బయా, పేరే చెరిపేశావే" అంది అవ్వ. ఇంకేం అనలేదు. తిట్టుంటే బాగుండేది.

ఆ తర్వాతే చదవడం మొదలుపెట్టా. కాగితాన్ని నిజంగానే నీళ్లలో కడుగుతారు! 1966 నవంబరులో ఆర్నో నది పొంగి ఇటలీలోని ఫ్లోరెన్స్ జాతీయ గ్రంథాలయం మునిగినప్పుడు, పాత పుస్తకాలు విప్పి, కాగితాలు కడిగి ఆరబెట్టారు.

మనం చొక్కా ఉతికేది మురికి పోవడానికి. ఇక్కడ అసలు శత్రువు ఆమ్లం. సిరా పాకకుండా పాత మిల్లు కాగితాల్లో రోజిన్, పటిక కలిపేవాళ్లు. పటిక వల్ల పుట్టే ఆమ్లం సెల్యులోజ్ గొలుసుల్ని తెంపుతుంది. కాగితం పచ్చబడి, మడిస్తే విరుగుతుంది. ఆ ఆమ్లమూ, పసుపూ చాలావరకు నీళ్లలో కరుగుతాయి.

కానీ ముందు టెస్టింగ్. కోడ్‌కి చేసినట్టే, కాకపోతే ఇక్కడ అన్‌డూ లేదు. ప్రతి రంగు మీదా, ప్రతి సిరా మీదా ఎవరికీ కనపడని చోట సూదిమొనంత నీటి చుక్క పెట్టి, బ్లాటింగ్ కాగితం అద్ది చూస్తారు. రంగు అంటిందా, ముంచే మాటే లేదు. శ్రీకాళహస్తి కలంకారీ బట్టని పారే నీళ్లలో ఉతుకుతారు కదా అనిపించింది నాకు. అక్కడ కరక్కాయా ఇనుమూ కలిసి పుట్టిన నలుపు నూలుని పట్టేసుకుంటుంది. వాటర్ కలర్‌ని పట్టి ఉంచేది తుమ్మజాతి చెట్ల బంక. తడిస్తే మళ్లీ కరుగుతుంది.

టెస్ట్ పాసైతే మెత్తటి బ్రష్‌తో పొడి దుమ్ము దులుపుతారు. బోరు నీళ్లు పనికిరావు, అందులో ఇనుము ఉంటే కొత్త మరకలు. లవణాలు తీసేసిన నీళ్లలో కాస్త కాల్షియం హైడ్రాక్సైడ్ కలిపి పీహెచ్ 8 దగ్గరికి తెస్తారు. తడి కాగితం సొంత బరువుకే చిరుగుతుంది, అందుకని పల్చటి పాలిస్టర్ గుడ్డ మీద పెట్టే కదుపుతారు. ముంచడం భయమైతే తడి బ్లాటింగ్ కాగితం మీద పరిస్తే చాలు, అదే మెల్లగా మురికిని కిందికి లాగుతుంది. ఎక్కడా రుద్దరు. చివర్లో పొడి బ్లాటింగుల మధ్య బరువు పెట్టి ఆరబెడతారు.

నేను ఒక్క చోటే తడిపా. నీరు పాకి ఆగిన అంచున మురికంతా చేరి గోధుమరంగు గీత మిగిలింది. ఇలాంటి పనికి హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రత్యేకంగా ల్యాబే ఉంది. అది దూదితో ఇంట్లో చేసే పని కాదు.

బొమ్మ ఇప్పుడు ఆమ్లంలేని అట్టల మధ్య, ఎండ తగలని బీరువాలో ఉంది. "ఆ పేరు మళ్లీ రాయరా" అంటోంది అవ్వ. రాయలేదు. విడి కాగితం మీద పెన్సిల్‌తో బొమ్మ వేసిందెవరో, సంతకం చెరిపిందెవరో రాసి పక్కన పెట్టా.