ముందు పిస్టన్, తర్వాతే బోరింగ్

లక్సెట్టిపేట: పాత బుల్లెట్టుకు కిక్కు తేలికైంది, ఎత్తు ఎక్కలేకపోతోంది, వెనక నీలిపొగ వదులుతోంది. ఇంజన్ విప్పించక తప్పదు. చాలామంది తొందరపడేది ఇక్కడే.

సిలిండర్ అంతా ఒకేలా అరగదు. పైన రింగులు మళ్లే చోట ఎక్కువ అరుగుతుంది. అందుకే పైన, నడుమ, కింద కొలిపించాలి. అరుగుదల, గీతలు పోయే సైజుల్లో అన్నిటికన్నా చిన్నదే ఎంచుకోవాలి.

పెద్ద పిస్టన్‌తో బండి జోరు పెరుగుతుందన్నది భ్రమ. 350 బుల్లెట్టు పాత ఇంజన్ బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90; మొత్తం 346 సీసీ. బోరు ఒక మిల్లీమీటరు పెంచినా సుమారు 356 సీసీ. వచ్చేది పది సీసీలు, పోయేది మళ్లీ రాని ఇనుము. పావు మిల్లీమీటరుతో సరిపోయేదానికి మిల్లీమీటరు కోయిస్తే ముందు ముందు చేయించుకోవలసిన బోరింగులు పోగొట్టుకున్నట్టే.

సిలిండర్ కోయించాక పిస్టన్ కోసం తిరగడం మరో పొరపాటు. యెజ్డీలు చేసిన మైసూరు ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది. అలాంటి బండ్లకు ఏ సైజు దొరుకుతుందో ముందే విచారించాలి. పిస్టన్, అదే సైజు రింగులు కొని బోరింగ్ షాపులో ఇవ్వాలి. పిస్టన్ వేడికి ఉబ్బుతుంది. కంపెనీ చెప్పిన సందు లేకపోతే పట్టేస్తుంది. సందు ఎక్కువైతే కటకటలాడుతుంది.

ఇంజన్ బిగించాక కొన్ని వందల కిలోమీటర్లు నిదానంగా, బరువు లేకుండా నడపాలి. ఆఖరి సైజూ అయిపోతే ఇక స్లీవ్ వేయించడమే.