మాచర్ల బండి గీసిన గీత

సింగిల్ లైను మీద రెండు రైళ్ళు ఎదురెదురుగా వస్తున్నాయి. అవి ఎదురుపడేది స్టేషన్‌లోనే కావాలి, ఒకటి పక్క లైనులో (లూప్‌లో) ఆగి రెండోదానికి దారివ్వాలి. రోజుకు ఎన్ని బండ్లున్నా ఈ లెక్క తప్పకూడదు. అందుకోసం పుట్టిన యంత్రంలో ఇనుము లేదు, ఆవిరి లేదు. అది కాగితంతో చేసిన యంత్రం. పేరు వర్కింగ్ టైమ్ టేబుల్.

స్టేషన్ గోడ మీద కనిపించే పట్టిక వేరు, ఇది వేరు. ప్రయాణికుడికి బండి ఎన్నింటికి వస్తుందో తెలిస్తే చాలు. డ్రైవరుకు, గార్డుకు, స్టేషన్ మాస్టరుకు అది చాలదు. ఆగని స్టేషన్‌ను ఎన్నింటికి దాటాలి, ఎక్కడ క్రాసింగ్, ఏ వంతెన మీద వేగం తగ్గించాలి, ఏ ఇంజను ఎంత బరువు లాగగలదు, ఇవన్నీ సిబ్బందికి మాత్రమే ఇచ్చే ఆ పుస్తకంలో ఉంటాయి. పాత రైల్వేను మోడల్‌గా కట్టి నిజంగా నడపాలనుకునేవాళ్ళు ముందు వెతకాల్సింది ఇంజను ఫొటోలను కాదు, ఈ పుస్తకాన్ని.

పల్నాటినే తీసుకుందాం. నరసరావుపేట మీదుగా వెళ్ళే లైను పంతొమ్మిదో శతాబ్దం చివర బళ్ళారి–కృష్ణా స్టేట్ రైల్వేలో భాగంగా వచ్చింది. సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, నడికుడి, గురజాల, రెంటచింతల దాటి మాచర్లలో ఆగిపోయే లైను 1930 ప్రాంతంలో, మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే హయాంలో పడింది. రెండూ మీటర్ గేజే. 1951లో అవి సదరన్ రైల్వేకి, 1966లో దక్షిణ మధ్య రైల్వేకి మారాయి. 1990ల్లో ఆ పట్టాలు పోయి బ్రాడ్ గేజ్ వచ్చింది. ఇప్పుడు అక్కడికి వెళ్ళి చూస్తే పాత లైను నడక తెలియదు. ఆ నడక ఎక్కడైనా మిగిలి ఉందంటే కాగితం మీదే.

ఆ కాగితాన్ని కళ్ళకు కట్టే ఉపాయం ఫ్రాన్స్‌లో పుట్టింది. ఇబ్రీ అనే ఇంజనీరు పద్ధతి అని చెబుతూ శాస్త్రవేత్త ఎటియెన్ జూల్ మారే పారిస్–లియోన్ రైళ్ళ గ్రాఫును తన పుస్తకంలో అచ్చువేశాడు. అడ్డంగా గంటలు, నిలువుగా దూరాన్నిబట్టి స్టేషన్లు. ప్రతి బండీ ఒక ఏటవాలు గీత. గీత నిటారుగా ఉంటే వేగం ఎక్కువ, అడ్డంగా సాగితే బండి ఆగి ఉంది. రెండు గీతలు ఒకదాన్నొకటి దాటే చోట స్టేషన్ ఉంటే అది క్రాసింగ్, లేకపోతే కాగితం మీదే ప్రమాదం జరిగినట్టు! మన సెక్షన్ కంట్రోలర్లు పెన్సిల్‌తో గీస్తూ వచ్చిన కంట్రోల్ చార్ట్ కూడా ఇదే. పాత పుస్తకం దొరికిన మోడలర్ మొదట చేయాల్సిన పని ఆ అంకెలన్నిటినీ ఇలా గీతలుగా మార్చడం.

గీస్తుంటే కొన్ని చిక్కులు ఎదురవుతాయి. నరసరావుపేట లైనుది 1905కు ముందటి పుస్తకమైతే అందులోవి మద్రాసు టైము అంకెలు. ఇప్పటి మన గడియారానికి అది సుమారు 9 నిమిషాలు వెనక. చివరి స్టేషన్‌కు ముందు ముక్కలో బండి ఎందుకో నెమ్మదించినట్టు కనిపిస్తుంది. అది ఇంజను బలహీనత కాకపోవచ్చు. ట్రాక్ పనుల వల్ల, ఇతర ఆలస్యాల వల్ల పోయిన టైమును కూడగట్టుకోవడానికి కలిపే అదనపు నిమిషాలు అక్కడే ఉంటాయి. ఏ ఏడాదిని మోడల్ చేస్తున్నామో కూడా తేల్చుకోవాలి. బీబీనగర్ నుంచి లైను వచ్చి కలవక ముందు నడికుడి మామూలు స్టేషన్, ఆ తర్వాత జంక్షన్.

ఇక గదిలోకి వద్దాం. గుంటూరు నుంచి మాచర్లకు సుమారు 130 కిలోమీటర్లు. మోడల్ కొలత ప్రకారం 87వ వంతుకు తగ్గించినా కిలోమీటరున్నర. ఇల్లు కాదు, వీధి కూడా చాలదు. అందుకే దూరాన్ని కోసేసి, దానికి తగ్గట్టు గడియారాన్ని పరుగెత్తిస్తారు. రెండు స్టేషన్ల మధ్య 8 కిలోమీటర్లు ఉందనుకోండి, గంటకు 40 కిలోమీటర్ల బండికి 12 నిమిషాలు. మోడల్‌లో ఆ ముక్కకు 5 మీటర్ల పట్టాలే ఇవ్వగలిగితే, అదే నిష్పత్తి వేగంతో 39 సెకన్లలో దాటేస్తుంది. 12 రెట్లు వేగంగా తిరిగే గడియారం మీద అది 8 నిమిషాలు కూడా కాదు, బండి ముందే వచ్చేసినట్టు.

అలాగని గడియారాన్ని 18 రెట్లకు పెంచితే ఇంకో కష్టం. మాచర్లలో ఇంజను బండినుంచి విడిపోయి, పక్క లైను మీదుగా రెండో కొసకు వచ్చి తగులుకోవాలి. ఆ పని చేసేది మనిషి వేళ్ళు, వాటికి 87వ వంతు లెక్క వర్తించదు. నిజంగా రెండు నిమిషాలు పడితే గడియారంలో 36 నిమిషాలు కరిగిపోతాయి. నా మటుకు నాకు 4 లేక 6 రెట్ల గడియారమే మేలనిపిస్తుంది. ఆ గడియారంలో బండి నడక ముందే పూర్తవుతుంది, మిగిలిన సమయాన్ని స్టేషన్ పనికి వాడుకోవచ్చు. చిన్న టెర్మినస్ ప్రాణం షంటింగ్‌లోనే ఉంది.

ఇంగ్లండులో పీటర్ డెన్నీ అనే మతాచార్యుడు తన బకింగ్‌హామ్ మోడల్‌ను ఏళ్ళతరబడి టైమ్ టేబుల్ ప్రకారం నడిపాడు. పక్క స్టేషన్ చూసుకునే కొడుకు క్రిస్పిన్ అందుబాటులో లేని వేళకు అతని బదులు ఒక యంత్రాన్ని కట్టుకున్నాడు. టైమ్ టేబుల్ వరస ప్రకారం అది తనంతట తాను అవతలి స్టేషన్ పని చూసేది. దానికి ‘ఆటోమేటిక్ క్రిస్పిన్’ అని పేరు పెట్టాడు. కాగితం యంత్రం అక్కడ నిజమైన యంత్రమైంది.

పాసింజరు బండ్ల వేళలు పాత పబ్లిక్ టైమ్ టేబుళ్ళలో దొరికితే దూరాలనుబట్టి మధ్య వేళలు కట్టవచ్చు. గూడ్సు బండ్లకు ఆ దారి లేదు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. ఆ ఆనకట్ట కుడి గట్టుకు దగ్గరి రైల్వే స్టేషన్ మాచర్ల. ఆనకట్ట కట్టిన ఆ సంవత్సరాల్లో మాచర్ల లైను మీద గూడ్సులకు ఏయే వేళలు కేటాయించారన్నదే నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. ఆ వేళలుండే వర్కింగ్ టైమ్ టేబుల్ కొత్త సంచిక రాగానే పాతది చెల్లదు, దాన్ని దాచే అవసరం ఎవరికీ ఉండదు. గుంటూరులోనో నరసరావుపేటలోనో రిటైరైన గార్డు, డ్రైవరు, స్టేషన్ మాస్టర్ల ఇళ్ళలో అలాంటి పుస్తకం ఉంటే పాత కాగితాల వాడికి వేసేముందు ప్రతి పేజీనీ ఫొటో తీయండి. వేగ పరిమితుల పట్టికనూ, చివర్లో ఉండే ఇంజన్ల బరువుల పట్టికనూ కూడా వదలొద్దు.